మాటనారు

నమోదు 1

నా పేరు నూకరత్నం. మంచం కాలికి కట్టిన చీటీ చూసి చదివాను. చూడకుండా చెప్పమంటే రాదు.

జోగారావు డాక్టరుగారు ఒక చిన్న యంత్రం నా దిండు పక్కన పెట్టారు. రోజూ ఏదో ఒకటి చెప్పమన్నారు. నేను చెప్పింది అది రాసుకుంటుంది. ఆయన పేరు కూడా దాని తెర మీద చూసి చదివాను.

ఇవాళ ఇంతే. దవడలు నొప్పిగా ఉన్నాయి. అమ్మ పక్క మంచం మీద నిద్రపోతోంది.

నమోదు 4

ఇవాళ కాస్త ఎక్కువ చెప్పగలను.

కిందటి వానాకాలం నాకు తేమజ్వరం వచ్చింది. నీళ్ళ మీద కట్టిన ఊరు మాది, స్తంభాలపేట; ఊళ్ళ పేర్లూ మనుషుల పేర్లూ ఇప్పటికీ రాసినవి చూసే చెబుతున్నాను. ఏటా కొందరికి ఆ జ్వరం వస్తుంది, తగ్గుతుంది. నాకూ తగ్గింది, కానీ మాటలు తీసుకుపోయింది. మనుషులు తెలుసు, వస్తువులు తెలుసు. ఎవరైనా మాట్లాడితే పక్కింట్లో గిన్నెలు కడుగుతున్నట్టు చప్పుడు వినిపించేది, అంతే. నేను నోరు తెరిస్తే గాలి వచ్చేది. వానాకాలం పోయి చలిగాలి మొదలయ్యేదాకా అలాగే ఉన్నాను.

తర్వాత మాటనాటు చేశారు. మా అమ్మ దేముడమ్మ తలలో మాటలుండే చోటు నుంచి కొంత నారు తీసి నా తలలో నాటారు. డాక్టరుగారు మెట్టప్రాంతం మనిషి, అందుకే ఏం చెప్పినా వ్యవసాయం భాషలో చెబుతారు. కన్నవాళ్ళ నారు కన్నబిడ్డకే పడుతుందట.

తల కట్టు విప్పిన రోజు గది నిండా జనం. నర్సులూ, డాక్టర్లూ, అమ్మ. "ఏదో ఒకటి మాట్లాడమ్మా," అన్నారు డాక్టరుగారు. నేను నోరు తెరిచాను.

"నెత్తళ్ళు బాబూ, నెత్తళ్ళు. ఇసకంటని నెత్తళ్ళు. రెండు పిడికిళ్ళు ఎక్కువేత్తాను, రండి బాబూ."

గదంతా ఘొల్లున నవ్వింది. నేను పుట్టాక ఎప్పుడూ చేపలు అమ్మలేదు. అది అమ్మ కేక. ముప్పై ఏళ్ళుగా పేటలో వంతెనల మీద తిరుగుతూ ఎండుచేపలమ్మే కేక. అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

నమోదు 9

ఇంటికొచ్చాం. రెండు స్తంభాల మధ్య పలకల మీద రెండు గదులు మావి. కింద సముద్రం. ఒకప్పుడు ఆ నీళ్ళున్న చోట పొలాలుండేవని అమ్మ చెబుతుంది.

పొద్దున్నే లేచి పరదాలకు పట్టిన మంచునీళ్ళు బిందెలోకి పిండాను. అమ్మ తడికెల మీద నెత్తళ్ళు తిరగేసింది. నా మాట ఇప్పుడు పూర్తిగా అమ్మ మాటే. బడిలో నేర్చుకున్న భాష ఆలోచనలో ఉంది, యంత్రం ముందు ఆగి ఆగి చెబితే వస్తుంది గానీ మనుషులతో అనేసరికి "ఏటి", "ఎలగ" అయిపోతోంది. పక్కింటావిడ నన్ను అమ్మ అనుకుని గోడవతల నుంచి ఉప్పు అడిగింది.

అమ్మ మాత్రం మాట తగ్గించింది. అలసటేమో. "ఆ... అది తే," అంటుంది. నేను చెంబు తెస్తాను. తల అడ్డంగా ఊపుతుంది. చీపురు తెస్తాను. అదీ కాదు. చివరికి తనే లేచి చాట తెచ్చుకుంటుంది. నవ్వుతుంది. అమ్మతో బేరమాడి గెలిచిన మనిషి పేటలో లేడు. అలాంటి మనిషి ఇలా వేలు చూపించి ఊరుకోవడం నాకు బాగోలేదు.

నమోదు 13

ఇవాళ అమ్మ గంప ఎత్తుకుని వెళ్తుంటే వెనకే వెళ్ళాను. ఆమె వద్దంది. అయినా వెళ్ళాను.

సంతవంతెన మీద తన చోట కూర్చుంది. గంప మీద గుడ్డ తీసింది. కేక వెయ్యలేదు. చుట్టూ అందరూ అరుస్తున్నారు, మా అమ్మ మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని వచ్చేపోయేవాళ్ళ ముఖాల్లోకి చూస్తోంది. తెలిసినవాళ్ళు వస్తే వేళ్ళు చూపించి ధర చెబుతోంది. వాళ్ళడిగిన ధరకే ఇచ్చేస్తోంది.

పక్కన పీతలమ్మే ఆమె నాతో అంది: "నెల్లాళ్ళయినాది తల్లీ, మీ యమ్మ కేకేసి. గొంతు పోనాదేటని అడిగితే నవ్వి ఊరుకుంతాది."

నాకు అప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. అమ్మ పక్కన నిలబడి నేనే కేక వేశాను. అది నా నోట్లో సిద్ధంగా ఉంది. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తుంచాలో నాలుకకి తెలుసు. జనం వచ్చారు. గంప ఖాళీ అయింది. నేను అరుస్తున్నంతసేపూ అమ్మ తల ఒక పక్కకి వంచి విన్నది. ఎక్కడో విన్న పాట ఎక్కడ విన్నామా అని ఆలోచిస్తున్నట్టు.

తిరిగొస్తూ అడిగింది. "బాగున్నాదే ఆ కేక. ఎవలిది?"

"నీదేనమ్మా."

వంతెన కమ్మీ పట్టుకుని ఆగింది. నా ముఖంలోకి చూసింది.

"అలగా. మంచిదే."

కమ్మీ వదిలి ముందుకు నడిచింది.

నమోదు 14

డాక్టరుగారి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. అమ్మ మాటలు ఏమయ్యాయని అడిగేశాను.

"మడిలోంచి తీసిన నారు మడిలో ఉండదు కదమ్మా," అన్నారు ఆయన. "నీలో మొలిచిన మాటలు ఆవిడలో ఉండవు. వస్తువుల మాటలు కొన్ని, రోజూ వాడే మాటలు కొన్ని. ఏవి పోతాయో ముందే చెప్పలేమని ఆవిడకి చెప్పాను. మూడుసార్లు చెప్పాను. అప్పుడు నీకు చెప్పినా తెలియదు."

"వెనక్కి పెట్టండి."

"కుదరదు."

"మళ్ళీ నేర్పిస్తాను నేను."

"ప్రయత్నించు. నాకు తెలిసి నిలవదు. అదే నారు అదే మడిలో రెండోసారి పట్టదు."

ఇంటికొచ్చి గొడుగు ముందు పెట్టుకుని కూర్చున్నాను. "గొడుగు," అన్నాను. "గొడుగు," అంది అమ్మ బుద్ధిగా. అన్నం తింటూ అనిపించాను. అంట్లు తోముతూ అనిపించాను. పడుకునేదాకా అనిపించాను. పొద్దున లేచి గొడుగు చూపించాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తెల్దే," అంది. నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఆ గొడుగే విప్పి నా నెత్తిమీద పట్టుకుంది. ఇంట్లో, ఎండ లేకుండా, వాన లేకుండా.

నమోదు 19

ఇవాళ మంచిరోజు. వరసగా చెబుతాను.

నిన్న సాయంత్రం సముద్రపు గాలి ఎక్కువైంది. తలుపు టపటపా కొట్టుకుంటోంది. నేను వంట దగ్గర ఉన్నాను. అమ్మ నన్ను తలుపు వెయ్యమనాలి, ఆమెకి ఆ మాట లేదు. "ఒలే, అది... మనం రా... పో... ఆ రా-పో ముయ్యే," అంది. నాకు నవ్వాగలేదు. నిజమే, తలుపంటే రావడం, పోవడం. "రాపో వెయ్యమంటావా?" అన్నాను. "అవునే, రాపో," అంది. ఇద్దరం పొయ్యి దగ్గర కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాం.

ఇవాళ తెల్లారాక నేను బయటికెళ్తుంటే వెనక నుంచి వినిపించింది. "రాపో ఏసి ఎల్లు, సలి."

నిలిచింది. రాత్రి గడిచినా నిలిచింది.

బిందె అక్కడే పడేసి ఆసుపత్రికి పరుగెత్తాను. డాక్టరుగారు నేను చెప్పింది రెండుసార్లు విన్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మడి చచ్చిపోలేదన్నమాట," అన్నారు. "పాత నారు పట్టదు. కొత్త విత్తనం పడుతుంది. ఇంతకుముందు ఎవరూ అనని మాటైతే నిలుస్తుంది. తయారుచెయ్యండి."

"ఎన్ని?"

"మీ ఇష్టం. మీకెన్ని కావాలంటే అన్ని."

నమోదు 24

ఇంట్లో పనులు సగం సగమే అవుతున్నాయి. మాటలు తయారుచేస్తున్నాం.

గొడుగు ఇప్పుడు నెత్తికప్పు. ఉప్పు సంద్రప్పిండి. అద్దానికి నేను రెండు మూడు చెప్పాను, అమ్మకి నచ్చలేదు. తనే అద్దంలోకి చూసి, జుట్టు సర్దుకుని, "ఇది ఇంకోనేను," అంది. నిన్న అనే మాట కూడా పోయింది ఆమెకి. దాన్ని అయిపోనాడు చేశాం. "అయిపోనాడు కూర బాగున్నాది, ఉంటే ఇంత ఎయ్యి," అంటుంది. డాక్టరుగారు వస్తే "నోర్తెరు బాబొచ్చినాడు" అంటుంది. ఆయన ఎప్పుడూ అనేది అదే కాబట్టి ఆయన కూడా ఒప్పుకున్నారు.

కొన్ని నిలవడం లేదు. చీపురుకి నేను పెట్టిన మాట మూడు పొద్దులు చూసినా అంటలేదు. నవ్వొచ్చిన మాటలే నిలుస్తున్నాయని నా అనుమానం. డాక్టరుగారు అది కాగితం మీద రాసుకున్నారు.

సంతలో కేక నేనే వేస్తున్నాను. పీతలమ్మే ఆమె ఇవాళ తన గుడిసెకి రాపో కొత్తది పెట్టించానని చెప్పింది. తను ఏమందో తనకే తెలియదు.

అమ్మ మళ్ళీ బేరమాడుతోంది.

నమోదు 29

దారిమేడ నుంచి సూరప్పడు బాబాయ్ వచ్చాడు. జ్వరం రాకముందు నేను పనిచేసింది ఆయన దగ్గరే.

మా ఊరి చుట్టూ నీళ్ళలో పాత స్తంభాలు చాలా ఉన్నాయి. ఆకాశంలో దారి చూపే యంత్రాలు చెడిపోయి ఒక తరం అయింది. చలిమంచు దిగితే పడవలవాళ్ళకి ముందున్న పడవ కూడా కనిపించదు. మేడ ఎక్కి గొంతుతో పిలుస్తూ ఒక్కొక్క పడవనీ స్తంభాల మధ్య నుంచి లోపలికి తీసుకురావాలి. ప్రతి స్తంభానికీ ఒక పేరుంది. ఆ చోట మునిగిపోయిన ఊరి పేరే దాని పేరు. ఈ తీరం పొడుగునా ఉన్న పడవలవాళ్ళందరికీ ఆ పేర్లు తెలుసు. వేరే పేరుతో పిలిస్తే వాళ్ళకి తెలియదు.

"నా గొంతు అయిపోతన్నాది రత్నం," అన్నాడు బాబాయ్. ఆ మాట కూడా బొంగురుగా వచ్చింది. "మొన్న నాచు తెచ్చే పడవొకటి స్తంభానికి కొట్టుకున్నాది. మనుషుల్ని తీసేం. ఈసారి తియ్యగలమో నేదో. ఈ పని తెలిసిందానివి నువ్వొక్కదానివే, నువ్వు రావాల."

మేడ ఎక్కాను. పడవ ఒకటి వస్తుంటే పిలిచాను. "కుడికి, నెమ్మది, ఇప్పుడు..." అక్కడ స్తంభం పేరు చెప్పాలి. పటం మీద వెతికి చదివేలోపు పడవ దాన్ని దాటిపోయింది. మంచు లేదు కాబట్టి బతికారు. జ్వరం నాలో పేర్లుండే చోటు కాల్చేసింది. ఎంత నేర్చుకున్నా అక్కడ పాతవీ పట్టవు, కొత్తవీ పట్టవు. అమ్మలా కాదు. అమ్మది ఖాళీ మడి, నాది కాలిన మడి.

డాక్టరుగారి దగ్గరికి అమ్మ, నేను, బాబాయ్ ముగ్గురం వెళ్ళాం. ఇంకొక నాటు వేస్తే పేర్లు వస్తాయన్నారు. చలి ముదిరే లోపలే వెయ్యాలన్నారు. అమ్మకి ఊళ్ళన్నీ తెలుసు, ఆ మునిగిన ఊళ్ళలోనే పుట్టి పెరిగింది.

"ఊళ్ళ పేర్లొక్కటే తియ్యడం కుదరదు," అన్నారు డాక్టరుగారు నా వైపు చూడకుండా. "పేర్లన్నీ ఒకే గట్టు మీద ఉంటాయి. ఊళ్ళవీ, మనుషులవీ."

నా పేరు కూడా అని ఆయన అనలేదు. నేనే అడిగాను. తల ఊపారు. వద్దని లేచి వచ్చేశాను.

నమోదు 30

అమ్మ నిన్నటి నుంచి నాతో మాట్లాడలేదు. ఇవాళ మధ్యాహ్నం నెత్తళ్ళు ఏరుతూ మొదలుపెట్టింది.

"ఎందుకొద్దన్నావు?"

"నువ్వు నా పేరు మర్చిపోతావమ్మా."

"పేరే గదే పోతాది. నువ్వెక్కడికి పోతావు?"

నేను తల వంచుకుని నెత్తళ్ళు ఏరాను.

"నాను పుట్టిన ఊరు మొగలిదిబ్బ," అంది. "ఇప్పుడది సంద్రంలో ఒక స్తంభం. ఆ పేరు నా కాడుంటే నాతోనే పోతాది. పడవలోళ్ళకి అది స్తంభమే, ఊరుగా ఎరిగినోళ్ళు మహా అయితే పది మంది, ఆళ్ళూ ముసిలోళ్ళే. నువ్వు మేడెక్కి పిలిస్తే పడవల్లో ఉన్నోళ్ళందరూ ఇంటారు. రోజూ ఇంటారు."

"ఇప్పటికే చాలా ఇచ్చావు. ఇంత త్యాగం నాకొద్దు."

"ఏటది? త్యా..."

"త్యాగం."

"తెల్దు." ఆ మాట కూడా పోయింది ఆమెకి. ఇంకొకరి గురించి విన్నట్టు అడిగింది. "అంటే ఏటి?"

చెప్పడానికి చూశాను. తనకి కావలసింది తను వదులుకుని ఇంకొకరికి ఇవ్వడం. పెద్ద మనసుతో ఇవ్వడం. చెబుతున్నకొద్దీ అమ్మ ముఖం చిట్లించింది.

"అంత బరువుగా ఉండకూడదే ఆ మాట," అంది. "గంపలో పెట్టి మోసేదేటి అది. నవ్వొచ్చేలాగుండాల. కొత్తది సెయ్యి."

కోపంగానే మొదలుపెట్టాను. "సరే. నా చిన్నప్పుడు కూర కాస్తే ఉంటే నాకు పెట్టేసి, నీకు ఆకల్లేదనేదానివి. అది ఆకల్లేదబద్ధం."

అమ్మ చేతిలో నెత్తళ్ళు గంపలో పడ్డాయి. నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆకల్లేదబద్ధం," అంది. "బాగున్నాది. ఇంకా?"

"చేప నడిమి ముక్క నాకేసి తోక నువ్వు తినేదానివి. తోకవాటా."

"తోక నాకిష్టమే."

"అది కూడా ఆకల్లేదబద్ధమే."

"సరేలే. ఇంకా?"

మాట కోసం చుట్టూ చూశాను. ఎదురుగా గంప ఉంది, తక్కెడ ఉంది. "అమ్మడం అంటే తెలుసు కదా నీకు?"

"తెలవకేటి. బతుకంతా సేసింది అదే."

"ఒకటిచ్చి ఒకటి తీసుకుంటే అది అమ్మడం. నువ్వు నాకు ఇచ్చావు, ఏమీ తీసుకోలేదు. అది అమ్మడం కాదు. అమ్మివ్వడం."

"ఎవలివో నెత్తళ్ళు నాను అమ్మి ఇచ్చినట్టా?"

"కాదు. అమ్మ ఇవ్వడం."

ఆ మాటని నోట్లో వేసుకుని రెండు మూడుసార్లు తిప్పింది. "అమ్మివ్వడం. అమ్మివ్వడం. బేరం నేకుండా ఇచ్చేది." తక్కెడని పక్కకి తోసింది. "ఇది నాకు నచ్చినాది. మరి అమ్మిచ్చినాక వదిలెయ్యాల గదా. దానికేటి మాట?"

"వదిలెయ్యడమే."

"అది కాదే. సంటిగుంటకి నడక నేర్పినప్పుడు సెయ్యి తీసేస్తాం గదా. తీస్తాం గానీ దూరం తియ్యం. ఇలగ."

లేచి నిలబడి నన్నూ నిలబెట్టింది. నా నడుముకి అటూ ఇటూ చేతులు పెట్టింది, తాకకుండా. ఆ చేతుల వేడి మాత్రం తగులుతోంది. పలకల కింద అలలు కదిలినప్పుడల్లా నేను కొద్దిగా ఊగాను. చేతులు నాతోపాటు ఊగాయి.

"దీనికి మాట నేదు," అంది. "దగ్గరొదులు."

పోయిన మాటకి బదులుగా కాకుండా, అసలు మాటే లేనిదానికి ఆమె తనంతట తను తయారుచేసిన మొదటి మాట అది.

"ఇంక నన్ను అమ్మివ్వనియ్యి," అంది. "దగ్గరొదులుగానే ఉంతాను. ఎక్కడికీ పోను."

సరేనన్నాను. ఇవ్వడం ఆమెకి తెలిసినంత బాగా తీసుకోవడం నాకు తెలియదు. నేర్చుకోవాలి.

నమోదు 36

రేపు నాటు.

ఇవాళ అమ్మ గంప తీసుకోకుండా బయల్దేరింది. నన్ను రమ్మంది; పేర్లు రాసుకోవడానికి యంత్రాన్నీ తీసుకెళ్ళాను. వంతెన వంతెనకీ తిరిగాం. కనిపించినవాళ్ళందరినీ పేరు పెట్టి పిలిచింది. "ఒలే గరికమ్మా." ఆవిడ ఏటని అడిగితే, "ఏటీ నేదు. పిలిసేను," అని ముందుకెళ్ళింది. నాచుతాళ్ళు కడుతున్న ఎర్రప్పడిని పిలిచింది. పీతలమ్మే సత్తెమ్మని పిలిచింది. మేడ కింద నిలబడి సూరప్పడు బాబాయ్‌ని పిలిచింది. ఆయన పైనుంచి తొంగిచూసి చెయ్యి ఊపాడు. మొదట జనం నవ్వుకున్నారు. ఆసుపత్రి సంగతి నోటా నోటా తెలిశాక నవ్వడం మానేశారు. కొందరు తామే ఎదురొచ్చి నిలబడ్డారు, పిలిపించుకోవడానికి. ఒకావిడ తన మనవడిని ఎత్తుకొచ్చింది. వాడికి ఇంకా పేరు పెట్టలేదు. "అయితే ఈడిని మర్చిపోను," అంది అమ్మ.

ఇంటికొచ్చాక సముద్రం వైపు పలకల అంచున కూర్చుని తనలో తను పిలుచుకుంది. వాళ్ళమ్మని, నాన్నని, ఎప్పుడో పోయిన అన్నని, మా నాన్నని. ఆ పేర్లు నేను మొదటిసారి వరసగా విన్నాను. విన్నది విన్నట్టే నాలోంచి జారిపోయాయి. రేపటి నుంచి ఉంటాయి.

చివరికి నన్ను పిలిచింది. ఎదురుగానే ఉన్నాను, అయినా పిలిచింది. అన్నానికి పిలిచినట్టు ఒకసారి. నీళ్ళలోకి వంగి చూస్తే అదిలించినట్టు ఒకసారి. బడి నుంచి ఆలస్యంగా వస్తే పిలిచినట్టు. జ్వరంలో నేను పలకనప్పుడు పిలిచినట్టు. ప్రతిసారీ పలికాను.

"సాలు," అంది తర్వాత. "అన్నం పెట్టు."

నమోదు 41

కట్టు విప్పకముందే వచ్చేశాయి. గువ్వలవలస. ఉప్పురేవు. తాడివానిపాలెం. పెదమొగ. మొగలిదిబ్బ. కళ్ళు మూసుకుంటే మేడ చుట్టూ స్తంభాలన్నీ వరసగా నిలబడుతున్నాయి. నేను పుట్టకముందే మునిగిన ఊళ్ళు. వాటితో పాటు మా అమ్మమ్మ పేరు, తాతయ్య పేరు.

నా పేరు కూడా. నూకరత్నం. జ్వరం వచ్చాక చీటీ చూడకుండా మొదటిసారి అన్నాను. అది నాకు అమ్మ గొంతుతో వచ్చింది. చివర కాస్త సాగదీసి, బడి నుంచి ఆలస్యంగా వస్తే పిలిచినట్టు. పుట్టినప్పుడు పెట్టిన పేరే రెండోసారి నాకు ఇచ్చింది. ఈసారి తన దగ్గర ఏమీ మిగుల్చుకోకుండా.

పక్క మంచం మీద అమ్మ లేచి కూర్చుంది. భయంభయంగా చూశాను. ఆమె నన్ను చూసి నవ్వింది. దగ్గరికి పిలిచింది, చెయ్యి ఊపి. నా తల కట్టు మీద చెయ్యి వేసింది.

"నొప్పా?"

"లేదమ్మా."

"ఆకల్లేదబద్ధమా?"

డాక్టరుగారు అటు తిరిగి కిటికీలోంచి బయటికి చూశారు.

నేనెవరో ఆమెకి తెలుసు. నా చిన్నప్పటి సంగతులన్నీ తెలుసు. పిలవడానికి మాత్రం పేరు లేదు. నా పేరు చెప్పి చూశాను. శ్రద్ధగా విన్నది. "బాగున్నాది. ఎవలిది?" అంది. ఈసారి నాకు దిగులు కలగలేదు. కలగలేదని చెప్పలేను. కానీ దిగులు కన్నా ఇంకొకటి ఎక్కువ కలిగింది. ఆమె రెండు పాదాలూ ఒళ్ళోకి తీసుకుని పిసుకుతూ కూర్చున్నాను, ఆమె నిద్రపోయేదాకా.

నమోదు 52

మేడ మీద నుంచి చెబుతున్నాను. రెండు పడవల మధ్య కాస్త ఖాళీ దొరికింది.

చలిమంచు దిగింది. కిటికీలోంచి బయటికి చాపితే నా చెయ్యి నాకే కనిపించడం లేదు. పొద్దున్నుంచి పడవలన్నీ లోపలికొచ్చాయి, దేనికీ గీత కూడా పడలేదు. సూరప్పడు బాబాయ్ గొంతుకి గుడ్డ చుట్టుకుని నా వెనక కూర్చున్నాడు, ఒక్క మాటా సరిచెయ్యలేదు. "మొగలిదిబ్బ ఎడమకి, నెమ్మది," అని నేను పిలిస్తే, మంచులోంచి ఎవరో ముసలాయన గొంతు తిరిగి పలికింది. "మొగలిదిబ్బ ఎడమకి. మా పెద్దమ్మగారి ఊరు తల్లీ అది." ఆ మాట అమ్మకి చెప్పాలి. ఆ పేరు ఆమెకి తెలియకపోయినా, తన ఊరిని ఒకాయన తలుచుకున్నాడని చెబుతాను.

పొద్దున జరిగింది కూడా చెప్పి ఆపుతాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి అమ్మకి నన్ను పిలవాలంటే ఇబ్బందిగానే ఉంది. ఇంట్లో అయితే చిటికె వేస్తుంది, లేదా "ఒలే" అంటుంది. నేను నాలుగైదు పేర్లు తయారుచేసి ఇచ్చాను. అన్నిటికీ నవ్వింది, ఏదీ నిలవలేదు. నేను అడగడం మానేశాను.

ఇవాళ మేడకి బయల్దేరాను. అమ్మ గుమ్మం దాకా వచ్చి నా భుజం మీద శాలువా సర్దింది. పదమన్నట్టు వీపు మీద తట్టింది. సంతవంతెన మీద జనం కిటకిటలాడుతున్నారు. మంచు వల్ల అందరూ ఒకరినొకరు పిలుచుకుంటూ నడుస్తున్నారు. సగం దూరం వెళ్ళాక వెనక నుంచి వినిపించింది. "ఒలే." చాలామంది ఆడపిల్లలు వెనక్కి చూశారు. నేనూ చూశాను, మంచులో ఎవరో తెలియలేదు. మళ్ళీ నడిచాను.

"ఒలే." ఇంకా గట్టిగా.

ఇంకో రెండడుగులు వేశాను. తర్వాత వచ్చింది. సంతలో కేకలన్నిటి మీంచి, చాలాకాలంగా నేను వినని ఆ పాత గొంతు.

"ఒలే, కన్నమాటా."

నేను ఆగిపోయాను. అది ఎవరూ ఎప్పుడూ పెట్టని పేరు. నాకెవరూ చెప్పలేదు అది నాదని. కాళ్ళు వాటంతటవే ఆగాయి.

"కన్నమాటేటి?" అని ఎవరో నవ్వారు. "అన్నమాట ఎరుగుదుం గానీ."

"నాను కన్నమాట," అంది అమ్మ మంచులోంచి, బేరంలో లాగే తడుముకోకుండా. "అన్నమాట అందరికీ ఉంతాది."

ఆ గొంతు వైపు నాలుగడుగులు వెనక్కి వేశాను. కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. చెప్పుల్లేకుండానే వచ్చేసింది.

"ఏటమ్మా?"

"ఏటీ నేదు. పిలిస్తే పలుకుతావో నేదో సూద్దారని." కమ్మీ వదిలింది. "పలికేవు గదా. ఇంక ఎల్లు."

"ఎల్తన్నానమ్మా," అన్నాను.

మంచులోకి నడిచాను. ఆమె మళ్ళీ పిలవలేదు.